సిస్టరు గారు ఫైలు పంపనన్న రోజు

ఇది చదివేవాళ్లలో కంప్యూటర్ల మీద పనిచేసే కుర్రవాళ్లే ఎక్కువమంది ఉంటారు కాబట్టి ముందే చెప్పేస్తాను. నేను ఇంజినీరును కాను. ఏలూరులో ఒక ట్రస్టు ఆసుపత్రిలో టైపిస్టుగా చేరాను. టైపు మిషన్లు మూలపడి కంప్యూటర్లు వచ్చినప్పుడు, "అక్షరాలు ఎక్కడున్నాయో మీకు తెలుసు కదమ్మా, మీరే కూర్చోండి" అన్నారు మా మేనేజరు గారు. అంతే నా అర్హత. రిటైరయ్యేనాటికి నా గది తలుపు మీద 'సిస్టమ్స్' అని బోర్డు ఉండేది. ఆ బోర్డు కింద కూర్చుని ఎన్నో ఫైళ్లు పంపాను, ఎన్నో అందుకున్నాను. మీతో చెప్పుకోదగ్గది మాత్రం ఒక ఫైలు వెళ్లకపోవడం గురించి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఆసుపత్రి కైకలూరులో ఒక చిన్న రక్తపరీక్షల కేంద్రం తెరిచింది. హెచ్‌ఐవీ పరీక్ష కోసం. ఆ మాటని అప్పట్లో మా వైపు ఎవరూ బయటికి అనేవారు కారు. 'ఆ జబ్బు' అనేవారు, అది కూడా తల వంచుకుని. లారీ డ్రైవర్లు, చెరువుల మీద కాపలా ఉండేవాళ్లు, రొయ్యల షెడ్డుల్లో పనిచేసే ఆడవాళ్లు, ఏ పాపమూ ఎరగని ఇల్లాళ్లు, అందరూ వచ్చేవారు. కొల్లేటి లంకల నుంచి పడవ ఎక్కి, గట్టు దిగి, ఆటో పట్టుకుని వచ్చేవారు. ఏలూరు వస్తే ఆసుపత్రికే వచ్చారని తెలిసిపోతుంది. కైకలూరు అయితే ఐసుకో, చేపల మేతకో వచ్చామని చెప్పుకోవచ్చు.

రక్తం అక్కడ తీసేవారు, పరీక్ష ఏలూరు ల్యాబులో చేసేవారు. పేరు, వయసు, ఊరు, నంబరు ఉన్న ఫైలు కైకలూరు నుంచి మాకు రావాలి. ఫలితాల ఫైలు మా దగ్గర్నుంచి అక్కడికి వెళ్లాలి. మొదట్లో నంబర్లు ఒక్కటే పంపుదామనుకున్నాం. కానీ ఒకరి నంబరు ఇంకొకరి మీద పడబోయి ఆఖరి నిమిషంలో ఆగింది. దాంతో మందులు రాసే డాక్టరు గారు, "పేరూ నంబరూ రెండూ కలిస్తేనే నేను పెన్ను తీస్తాను" అని తేల్చేశారు. ఆయన అన్నదీ సబబే.

మరి ఆ ఫైళ్లు ఎలా వెళ్లేవనుకుంటున్నారు? ఫ్లాపీలో వేసి, కవరులో పెట్టి, అంటించి, బస్సు కండక్టరు చేతికి ఇచ్చేవాళ్లం. కైకలూరు బస్టాండులో మా సిస్టరు గారు నిలబడి అందుకునేవారు.

సిస్టరు గారంటే ఆ కేంద్రాన్ని ఒంటి చేత్తో నడిపే నర్సు. మండవల్లి మనిషి. చర్చిలో ఆవిడ పాట ఎత్తుకుంటే మైకు అక్కర్లేదనేవారు. అంతటి గొంతున్న మనిషి కేంద్రంలో మాత్రం పక్క కుర్చీకి కూడా వినపడనంత మెల్లగా మాట్లాడేవారు. ఎవరినీ ఏకవచనంతో పిలిచేవారు కారు. ఒళ్లంతా బురదతో వచ్చినవాళ్లని కూడా "ఏవండీ, ఇలా కూర్చోండి" అనేవారు.

ఒక రోజు బస్సు దారిలో చెడిపోయి, కండక్టరు ఆ కవరుని వెనక వచ్చే ఇంకో బస్సులో ఇచ్చి పంపాడు. ఆ బస్సు కైకలూరు చేరేసరికి సిస్టరు గారు చూసి చూసి వెళ్లిపోయారు. కవరు బస్టాండు పక్కన ఒక దుకాణంలో పడింది. ఆ దుకాణంలో లెక్కల కోసం కంప్యూటరు ఉంది. ఎవరిదో చూసి వాళ్లకి ఇచ్చేద్దామని ఫ్లాపీ పెట్టి తెరిచారట. మంచి ఉద్దేశమే. కానీ చదివిన కళ్లు ఊరుకుంటాయా?

తర్వాతి వారం ఒకావిడ ఏలూరు వచ్చి నా బల్ల ముందు నిలబడింది. కైకలూరు దగ్గర ఒక బడిలో ఆయాగా చేసేది. ఇక రావద్దన్నారట. పిల్లలకి మంచినీళ్లు ముంచి ఇచ్చే చెంబుని కూడా బయట పారేశారట. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఈ సంగతి నాకూ, ఆసుపత్రికీ, ఆ ప్రభువుకీ తప్ప ఎవరికీ తెలీదని సిస్టరు గారు నా చెయ్యి పట్టుకుని చెప్పేరండీ. మరి నాలుగో వాళ్లకి ఎలా తెలిసిందండీ?" అంది.

కోపంగా అడగలేదు. తిట్టి ఉంటే నాకు బాగుండేది. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆవిడ కాసేపు చూసి, "పోనీలెండి" అని వెళ్లిపోయింది. గణపవరం వైపు అక్క ఉంటే ఆవిడ దగ్గరికి మారిపోయిందనీ, మందులు మాత్రం మానలేదనీ సిస్టరు గారు తర్వాత చెప్పారు. అంతకు మించి నాకు తెలియదు.

ఆ వేళ సాయంత్రం మేనేజరు గారి గదిలోకి వెళ్లి, "ఇక ఫ్లాపీ బస్సెక్కదండీ" అన్నాను.

"అయితే ఏం చేద్దామమ్మా?"

"తెలీదండీ. తెలుసుకుంటాను."

మేనేజరు గారు మంచివారు. లేని డబ్బుతో ఆసుపత్రి నడిపే మనిషికి ఉండే తొందర మాత్రం ఆయనకుండేది. ఈ-మెయిలు చేస్తే పోతుంది కదా అన్నారు. మా వీధిలో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసే ఇంజినీరు గారు ఒకరు ఉండేవారు. ఆయన్ని అడిగాను. ఆయన నవ్వి, "మామూలు మెయిలంటే మూత లేని తట్టలో చేపలు పంపడమేనండీ. తట్ట చేరుతుంది. కానీ దారిలో ఎవరైనా తొంగిచూడొచ్చు" అన్నారు. తర్వాత లోపలికి వెళ్లి, కంప్యూటరు పత్రికతో ఉచితంగా వచ్చిన లినక్సు సీడీ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు. "దీంట్లో బొమ్మలు తక్కువ, టైపు కొట్టడం ఎక్కువ. మీకు సరిపోతుంది."

సరిపోయింది. కొన్ని ఆదివారాలు ఆయన ఇంటి వరండాలో కూర్చుని నేర్చుకున్నాను. నల్ల తెర మీద ఒకే ఒక్క వరస కొట్టాలి. ఎస్‌సీపీ అన్న మాట, ఖాళీ, పంపాల్సిన ఫైలు పేరు, ఖాళీ, అవతలి కంప్యూటరు పేరు, చివర్లో రెండు చుక్కలు. ఎంటరు కొడితే ఫైలు ఇక్కడ బయల్దేరేటప్పుడే ఎవరికీ అర్థం కాని గజిబిజిగా మారిపోయి, అవతల చేరాకే మళ్లీ అక్షరాలవుతుంది. మధ్యలో ఎవరు పట్టుకున్నా వాళ్లకి దక్కేది గజిబిజే.

అంతకంటే నాకు నచ్చింది ఇంకోటి. ఫైలు వెళ్లేముందు అవతలి కంప్యూటరు తన వేలిముద్ర చూపించాలి. వేలిముద్రంటే అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక పొడుగాటి వరస, ఏ కంప్యూటరుది దానికే. మొదటిసారి కలిసినప్పుడు ఆ ముద్ర సరైనదో కాదో మనం చూసుకుని ఒప్పుకోవాలి. ఆ తర్వాత మన కంప్యూటరే దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఎప్పుడైనా ముద్ర మారిందా, పెద్దక్షరాలతో కేకలు పెట్టి పని ఆపేస్తుంది. మనుషుల్లో కూడా అంత జాగ్రత్తగలవాళ్లు అరుదు.

ఏలూరులో ఒక పాత కంప్యూటరుకి ఫోను లైను తగిలించాం. కైకలూరు నుంచి సిస్టరు గారు నేరుగా దానికే ఫోను కలిపేవారు. పేర్ల ఫైలు పంపడమూ, ఫలితాల ఫైలు తెచ్చుకోవడమూ ఆ లైను మీదే. మోడెము కీచుమని అరిచి, గరగరలాడి, చివరికి కలిసేది. వాన పడితే కలిసేది కాదు.

ఇక సిస్టరు గారికి నేర్పడం. నల్ల తెర చూసి ఆవిడ, "ఇదేంటండీ, కరెంటు పోయినట్టుంది" అన్నారు. మొదటిసారి వేలిముద్ర సరిచూడటానికి నేను ఏలూరు నుంచి, మోడెముది కాని ఇంకో ఫోన్లో, ఆ వరసని రెండేసి అక్షరాల జంటలుగా చదివాను. ఆవిడ అక్కడ తెర మీద వేలు పెట్టుకుని "ఉందండీ... ఉందండీ..." అంటూ వచ్చారు. చివరి జంట కూడా కలిశాక, తంబోలా ఆట గెలిచినట్టు, "హౌసీ!" అని అరిచారు. కేంద్రంలో ఆవిడ గొంతు పెద్దది కావడం అదొక్కసారే విన్నాను.

తర్వాత కొన్నాళ్లు ఫైళ్లు భలే వేగంగా వెళ్లాయి. "ఎంటరు కొట్టేలోపే వెళ్లిపోతోందండీ!" అని ఫోను చేసేవారు. నా దగ్గరికి మాత్రం ఏమీ చేరలేదు. వెళ్లి చూద్దును కదా, ఆవిడ చివరి రెండు చుక్కలూ పెట్టడం మరిచిపోతున్నారు. రెండు చుక్కలు లేకపోతే ఆ యంత్రం దాన్ని అవతలి కంప్యూటరు పేరనుకోదు. ఆ పేరుతో ఇక్కడే ఇంకో ఫైలు చేసి ఊరుకుంటుంది. పంపాననుకున్నవన్నీ ఆవిడ కంప్యూటర్లోనే వరసగా కూర్చుని ఉన్నాయి. ఆవిడ ముఖం చిన్నబోయింది. "బయటికి పోలేదు కదండీ. మూత తీయని సీసా లాగా భద్రంగా ఉన్నాయి" అన్నాను. ఆ మర్నాటి నుంచి ఆవిడ చుక్కలు మరచిపోలేదు.

ఆ రోజు ఒక్క మాట మాత్రం ఆవిడ చేత చెప్పించుకున్నాను. "ముద్ర మారిందని కేక పెడితే ఏం చేస్తారు?"

"ఆపేస్తానండీ."

"ఎవరు చెప్పినా?"

"మీతో మాట్లాడేదాకా ఎవరు చెప్పినా పంపనండీ."

ఈ పద్ధతి చక్కగా నడుస్తోందని మేనేజరు గారు తాడేపల్లిగూడెంలో కూడా ఒక కేంద్రం పెట్టించారు. అక్కడ కంప్యూటరు సిద్ధం చేయడానికి నేను వెళ్లిన రోజునే అది జరిగింది. కైకలూరులో ఆ రోజు జనం వచ్చే రోజు. బెంచీల నిండా ఉన్నారు. ఫలితాల కోసం వచ్చినవాళ్లు సగం, రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లు సగం.

తాడేపల్లిగూడెంలో పొద్దున్న ఫోను మోగింది. సిస్టరు గారు.

"ఏవండీ, కేక పెట్టిందండీ."

"ఏ కేకండీ?"

"ముద్ర మారిందంటోందండీ. తెరంతా పెద్దక్షరాలే. నేను ఆపేసేను."

నా చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. అది బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాను. ఏలూరుకి ఫోను చేస్తే సంగతి తెలిసింది. ముందురోజు సాయంత్రం కరెంటు ఎక్కువై మన కంప్యూటరు పొగ వదిలిందట. మేనేజరు గారు ఆర్.ఆర్.పేటలో మేం ఎప్పుడూ బాగు చేయించుకునే కంప్యూటరు షాపుకి కబురు పెట్టారు. ఆ షాపాయన మా ఆసుపత్రికి ఏళ్ల తరబడి పనిచేస్తున్న మనిషి. పని ఆగకూడదని తన షాపులోది ఇంకో కంప్యూటరు తెచ్చి, అదే పేరు పెట్టి, అదే ఫోను లైనుకి తగిలించి, మనదాన్ని షాపుకి తీసుకెళ్లారు. ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. ఫ్లాపీ తెరిచిన దుకాణంవాళ్ల ఉద్దేశమూ చెడ్డది కాదు.

"నేను ఏలూరు వెళ్తున్నాను. అప్పటిదాకా ఏమీ పంపకండి, ఏమీ తీసుకోకండి" అని సిస్టరు గారికి చెప్పి బస్సెక్కాను.

ఈలోగా కైకలూరులో ఏం జరిగిందో తర్వాత ఆవిడ నోటే విన్నాను. మొదట షాపాయన ఫోను చేశారట. "సిస్టరు గారండీ, భయపడకండి. మిషను మార్చాం, అందుకే అలా వచ్చింది. మీ దాంట్లో ఒక ఫైలుంటుంది, అందులో పాత ముద్ర ఉన్న లైను తీసేయండి. మళ్లీ కొట్టి, యెస్ అనండి. అయిపోతుంది."

"మీరు చెప్పింది నిజమే అయ్యుంటుందండీ. నేను తీయనండీ" అన్నారట ఈవిడ.

తర్వాత మేనేజరు గారు. "పంపమ్మా. బయట జనం ఉన్నారంటున్నారు కదా. నేను చెబుతున్నాను కదా."

"మీరు చెబుతున్నారండీ. మిషను ఒప్పుకోవటం లేదండీ."

"మిషనుకి మనం చెప్పాలమ్మా, మనకి మిషను చెప్పడమేమిటి?"

"మేడమ్ గారొచ్చి చూసి చెప్తే పంపుతానండీ. నా ఉద్యోగం మీ చేతుల్లోనే ఉందండీ, కాదనను. కానీ ఈ పేర్లు నా చేతుల్లో ఉన్నాయండీ."

ఆయన ఫోను పెట్టేశారు.

బయట జనం ఊరుకోలేదు. ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చినవాళ్లు. ఇంటి దగ్గర ఏదో అబద్ధం చెప్పి వచ్చినవాళ్లు. వారం రోజులు నిద్ర లేకుండా ఎదురుచూసినవాళ్లు. లంక నుంచి వచ్చిన ఒకాయన, చెరువు కాపలా మనిషి, లేచి గట్టిగా అరిచాడట. "మమ్మల్ని చూస్తే ఆటగా ఉందా? మిషను చెడిందంటే మేం నమ్మాలా? మా చావు సంగతి చెప్పడానికి మీకు మిషను కావాలా?"

సిస్టరు గారు బయటికి వచ్చి వాళ్ల ముందు నిలబడ్డారు. "మిషను చెడలేదండీ. మీ పేర్లు ఎవరింటికి వెళ్తున్నాయో నాకు ఇప్పుడు తెలీటం లేదండీ. తెలిసేదాకా నేను పంపనండీ. నన్ను ఎన్ని తిట్టినా పడతాను" అన్నారట. కొందరు తిట్టుకుంటూ వెళ్లిపోయారు. అరిచిన ఆయన కూడా వెళ్లిపోయాడు. కొందరు కూర్చుండిపోయారు.

నేను ఏలూరు పాత బస్టాండులో దిగి, ఆసుపత్రికి కాకుండా ముందు షాపుకే రిక్షా కట్టించుకున్నాను. దారంతా నాకు ఒకటే ఆలోచన. మారిన మిషను సంగతి సరే. పొగ వదిలిన మిషనులో ఇన్నాళ్ల పేర్లన్నీ ఉన్నాయి. అది ఇప్పుడు ఎక్కడుంది?

వీధి వైపు బల్ల మీద ఉంది. మూత తీసి, లోపలి డిస్కు బయటికి లాగి, ఇంకో కంప్యూటరుకి తగిలించారు. ఆ కంప్యూటరు తెర వీధికే తిరిగి ఉంది. తెర మీద మా ఫోల్డర్లు ఊళ్ల పేర్లతో వరసగా కనిపిస్తున్నాయి. కైకలూరు. మండవల్లి. లంకల పేర్లు. ఇద్దరు ముగ్గురు ఖాతాదార్లు చేతుల్లో టీ గ్లాసులతో దాని ముందే నిలబడి ప్రింటరు ధరలు మాట్లాడుకుంటున్నారు. ఒక్క క్లిక్కు దూరంలో ఉన్నాయి పేర్లు.

షాపాయన నన్ను చూసి లేచారు. "రండి మేడమ్ గారూ, డిస్కుకి ఏమీ కాలేదండీ, అదృష్టం. పవరు బాక్సు ఒక్కటే పోయింది."

నేను వెళ్లి ఆ తెరకీ వీధికీ మధ్య నిలబడ్డాను. "ముందు దీన్ని ఆపేయండి. మామూలుగా మూసి, ఆపేయండి."

నా గొంతు విని ఆయన ఆపేశారు. "డిస్కు ఇప్పించండి. మిషను కూడా. తీసుకెళ్తాను."

ఖాతాదార్లు టీ తాగడం ఆపారు. ఆయన ముఖం ఎర్రబడింది. "ఇన్నేళ్లుగా మీ ఆసుపత్రికి చేస్తున్నానండీ. మీ ఫైళ్లు మేం చూస్తామనుకుంటున్నారా? అంత నమ్మకం లేదాండీ నా మీద?"

"మీరు చూశారని నేను అనటం లేదండీ. చూడగలిగే చోట పెట్టారు, అంతే అంటున్నాను."

"రెండూ ఒకటేనా అండీ?"

"మీకూ నాకూ ఒకటి కాదండీ. ఆ పేర్లున్నవాళ్లకి ఒకటేనండీ."

ఆయన వెనక్కి తిరిగి డిస్కు ఊడదీశారు. ఒక పాత తువ్వాలులో చుట్టి నా చేతికిచ్చారు. మిషను పెట్టెని రిక్షాలో నా కాళ్ల దగ్గర ఆయనే పెట్టారు. పెట్టి, ఒక్క క్షణం ఆగి, "మీరు పదండి. కొత్త పవరు బాక్సు తీసుకుని వెనకే వస్తాను. మీ గదిలోనే, మీ ఎదురుగానే బిగిస్తాను" అన్నారు. డిస్కుని ఒళ్లో పెట్టుకుని తమ్మిలేరు వంతెన దాటి వచ్చాను.

ఆసుపత్రిలో మేనేజరు గారు నా గది గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. ఆయన కోపంగా లేరు. అంతకంటే కష్టమైన ముఖంతో ఉన్నారు.

"ఇవాళ వెనక్కి వెళ్లినవాళ్లు మళ్లీ వస్తారని మీరు చెప్పగలరామ్మా? వాళ్లని గుమ్మం దాకా తేవడానికే మనకి ఎన్నాళ్లు పట్టింది? ఒక్కరు మందు లేకుండా ఉండిపోయినా అది మన మీదే."

ఆయన అన్నది ప్రతి అక్షరం నిజం. "చెప్పలేనండీ" అన్నాను. "కానీ పేర్లు బయటపడితే ఈ కొందరే కాదండీ, ఎవరూ రారు. ఆ ఆయా వచ్చి నా ముందు నిలబడింది కదండీ."

ఆయన కిటికీ దగ్గరికి నడిచారు. "షాపులో ఎలా పెట్టారు?" అని అడిగారు. చెప్పాను. తెర వీధి వైపు ఉందని చెప్పగానే ఆయన కళ్లు మూసుకున్నారు. "సరే. చూసుకోండి మీ పద్ధతి ప్రకారమే" అన్నారు.

షాపాయన మాట తప్పలేదు. స్కూటరు మీద వచ్చి, నా బల్ల పక్కనే నేల మీద కూర్చుని బిగించారు. మధ్యాహ్నం దాటాక మన కంప్యూటరు లేచింది. కైకలూరుకి ఫోను చేసి, "కలపండి" అన్నాను. మోడెము కీచుమంది. సిస్టరు గారు ఎంటరు కొట్టారు. కేక రాలేదు. పాత ముద్రే. ఫలితాల ఫైలు వెళ్లింది. కూర్చున్నవాళ్లకి ఆ సాయంత్రమే ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి చెప్పారు.

మరి వెళ్లిపోయినవాళ్లు? ఇక్కడే చిక్కు. వాళ్ల ఊళ్లు మాకు తెలుసు. పడవ ఎక్కితే వెళ్లొచ్చు. కానీ ఆసుపత్రి నర్సు లంకలో దిగి ఒక ఇంటి ముందు ఆగితే, ఆ ఇంటి సంగతి ఊరంతటికీ చెప్పినట్టే. కబురు పంపలేం. ఉత్తరం రాయలేం. ఎదురుచూడటం ఒక్కటే మేం చేయగలిగింది. ఉద్యోగంలో నాకు అన్నిటికంటే బరువైన వారం అదే. పనేమీ చేయకుండా గట్టిగా నిలబడటం చాలా కష్టమండీ. అది ఎవరూ నేర్పరు.

ఆ తర్వాత జనం వచ్చే రోజున నేనూ కైకలూరు వెళ్లి సిస్టరు గారి పక్కన కూర్చున్నాను. పొద్దున్న ఐసు లారీల చప్పుడు తప్ప ఏమీ లేదు. బెంచీలు ఖాళీ. సిస్టరు గారు ఒకే బల్లని పదే పదే తుడుస్తున్నారు. తర్వాత ఒకావిడ వచ్చింది, కొంగు తల మీదికి లాక్కుని. ఆవిడ వెనక ఇంకొకరు. ఎండ ఎక్కేసరికి బెంచీలు నిండాయి. అందరూ రాలేదు. కొందరు మళ్లీ ఎప్పుడూ రాలేదు. వాళ్లని నేను మరిచిపోలేదు, మేనేజరు గారూ మరిచిపోలేదు. కానీ మేము అంతకు ముందు చూడనివాళ్లు కొందరు కొత్తగా వచ్చారు.

అరిచి వెళ్లిన ఆ కాపలా మనిషి కూడా వచ్చాడు. తన వంతు వచ్చాక లోపలికి వచ్చి, తలుపు తనే వేసి, కూర్చున్నాడు. నన్ను చూసి ఆగాడు. "మా ఏలూరు మేడమ్ గారండీ. ఆ కంప్యూటరు ఈవిడదే" అన్నారు సిస్టరు గారు.

ఆయన తువ్వాలు తీసి మోకాళ్ల మీద పరుచుకున్నాడు. "ఆ వేళ అరిచేనండీ. ఏమనుకోకండి."

"అరవాల్సిన రోజేనండీ అది" అన్నారు సిస్టరు గారు. "మీ ఫలితం వచ్చిందండీ. చెప్పమంటారా?"

"ఆగండి." ఆయన గోడ వైపు చూశాడు. "అది నాది కాదండీ."

మాకు అర్థం కాలేదు.

"రక్తం నాదేనండీ. పేరు నాది కాదు. మా బావమరిది పేరు రాయించేను. అందరూ అలాగే రాయిస్తారండీ ఇక్కడ, మీకు తెలీదు. ఎక్కడికో పోయే కాగితం మీద సొంత పేరు ఎవడిస్తాడండీ?" ఆయన మోకాళ్ల మీది తువ్వాలు మడత పెట్టాడు. "ఆ వేళ మేం అంత గోల చేసినా, పైవాళ్లు ఫోన్లు చేసినా మీరు పంపలేదు కదండీ. ఇంటికెళ్లి ఆలోచించేను. పంపమంటే పంపని మనిషి దగ్గర పేరు పెట్టుకోవచ్చనిపించింది. నా పేరు రాసుకోండి."

అప్పుడు తెలిసింది నాకు, ఇన్నాళ్లూ మేం ఇంత జాగ్రత్తగా మూతలు పెట్టి పంపిన పేర్లలో ఎన్ని ఆ పేర్లవాళ్లవి కావో. ఏలూరులో ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు వస్తే డాక్టరు గారు కలవరపడిన రోజులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

సిస్టరు గారు నల్ల తెర ముందుకి జరిగారు. ఆయన తన పేరు చెప్పాడు. తండ్రి పేరు చెప్పాడు. లంక పేరు, ఇల్లు గట్టుకి ఏ పక్క ఉంటుందో కూడా చెప్పాడు. ఆవిడ ఒక్కొక్క అక్షరం కొట్టి, మళ్లీ చదివి వినిపించారు. ఆయన వింటూ తలూపాడు. తర్వాత లైను కలిపారు. ముద్ర సరిపోయింది. చివర రెండు చుక్కలు పెట్టి ఎంటరు కొట్టారు. తెర మీద గీత నెమ్మదిగా పాకి చివరికి చేరింది.

చదువు రాని ఆ మనిషి ముందుకి వంగి, ఆ తెల్ల అక్షరాల కేసి చూశాడు.

"ఇప్పుడు వెళ్లింది నేనేనా అండీ?"

"మీరేనండీ" అన్నారు సిస్టరు గారు.

"అయితే ఇక చెప్పండి" అన్నాడు.